రంగు ఆగిన చోటు

తార్నాక చౌరస్తాలో ఆమ్లెట్ బండివాడు పెనం అంచుకు గుడ్డును టక్కున కొడితే అందరికీ ఆకలి వేస్తుంది, నాకు మాత్రం గుండె జారుతుంది. మొన్న బస్సు కోసం నిలబడి ఆ చప్పుడు వింటుంటే గ్రేస్ మేడమ్ గుర్తొచ్చారు. ఆ పక్కనే ఉన్న విశ్వవిద్యాలయంలో నా పరిశోధనకు ఆమే గైడు. మెదడు, వెన్నుపాము పిండంలో ఎలా తయారవుతాయో తెలుసుకోవడానికి ఉద్యోగ జీవితమంతా కోడిగుడ్లతో గడిపిన మనిషి. ఆమె దగ్గర గుడ్డును పగలగొట్టకూడదు, తెరవాలి. పెంకు మీద గోరంత కిటికీ కోసి, లోపలి పిండానికి అదురు తగలకుండా చూడాలి. మొదటి నెలలో నేను పాడుచేసిన గుడ్లు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మాది మాణికేశ్వర్ నగర్. క్యాంపస్ గోడకు ఆనుకునే ఉన్నా ఆ గోడ దాటి లోపల చదువుకున్నది మా ఇంట్లో నేనొక్కదాన్నే. అమ్మ ఆ సంగతి వాడంతా చాటింది. తీరా నా పనేమిటో విని, "గింత చదువు చదివి కోడిగుడ్లు చూసుకుంట కూసుంటవా బిడ్డా?" అని బుగ్గలు నొక్కుకుంది. ఈ మాట చెబితే మేడమ్ పడీపడీ నవ్వి, "అమ్మగారిని ఒకసారి తీసుకురామ్మా, చూపిద్దాం" అన్నారు. మేడమ్‌ది గుంటూరు వైపు, మాటలో మర్యాద ఎక్కువ. అమ్మ వచ్చి, మైక్రోస్కోపులో కొట్టుకుంటున్న ఆ చిన్ని గుండెను చూసి, "అయ్యో, పానం ఉన్నది!" అంది. "ఉందండీ. అందుకే ఒక్కదాన్ని కూడా వృథా చెయ్యనివ్వను" అన్నారు మేడమ్.

నిజంగానే చెయ్యనిచ్చేవారు కాదు. తెరిచిన ప్రతి పిండానికీ ముందు పెన్సిల్‌తో బొమ్మ గీయాలి, నంబరు వేయాలి, గోడకు కట్టిన తాడుకు క్లిప్పుతో తగిలించాలి. రంగులు, లెక్కలు అన్నీ ఆ తర్వాతే. "కెమెరా ఉంది కదా మేడమ్" అని గొణిగితే, "గీస్తే గానీ నువ్వు సరిగా చూడవు" అనేవారు. నా తొలి బొమ్మలు కోడిపిల్లల కంటే చింతగింజలకే దగ్గరగా ఉండేవి.

ఆమెకు పేరు తెచ్చింది తొలి రోజుల్లో రాసిన ఒక పేపరు. వెన్నుపాములో అవసరానికి మించి నరకణాలు పుడతాయి, వాటిలో చాలా వరకు పిండదశలోనే చనిపోతాయి. వాటి నరాలు కాలి కండరాన్ని చేరకముందే ఆ చావు మొదలవుతుందని, ఏ కణం బతకాలో ముందే తేలిపోయి ఉంటుందని ఆమె చూపించారు. ఆ మాటను మేం తరగతిలో పాఠంగా చదువుకున్నాం. నరం వెంట పాకి అది ఎంతదాకా పెరిగిందో చూపించే కొత్త రంగుతో దాన్ని మరోసారి నిర్ధారించడం నా పని. ఫెలోషిప్ నాలుగు నెలల్లో అయిపోతుంది, థీసిస్ పూర్తికాకపోతే నా చదువు అక్కడితో సరి. అలాంటప్పుడు పదకొండు పిండాల్లో మూడు అడ్డం తిరిగాయి. కణాలు చావడం అప్పుడే మొదలవుతోంది, నరాలేమో అప్పటికే కండరంలోకి వెళ్లిపోయాయి. గైడు తప్పని రుజువు చేసే థీసిస్‌ను ఏ గైడు సంతకం పెట్టి పంపుతుంది? ఆ మూడూ చెడిపోయాయని నాకు నేనే చెప్పుకుని, నోట్‌బుక్‌లో ఎనిమిదే ఎక్కించాను.

మేడమ్ నోట్‌బుక్ చదివి, తల ఎత్తి తాడు వైపు చూశారు. "బొమ్మలు పదకొండున్నాయి. మిగతా మూడూ ఏవమ్మా?"

"రంగు సరిగా పట్టలేదు మేడమ్."

"చూద్దాం."

ఆ స్లైడ్లను ఆమె ఒక్కొక్కటిగా మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. తర్వాత తక్కిన ఎనిమిదీ, ఆపైన బీరువాలోంచి తన పాత స్లైడ్లూ తీయించారు. చివరికి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. "ఈ మూడింట్లోనే రంగు కొసదాకా పాకింది. చెడిపోయినవి ఆ ఎనిమిదీను. నావీ అంతే. రంగు ఆగిన చోటే నరం ఆగిందనుకున్నాను తల్లీ. ఇన్నేళ్లూ పాఠం కూడా చెప్పాను."

"భయమేసి దాచిన మేడమ్" అన్నాను, ఏడుపు ఆపుకోలేక.

"నాకూ ఇప్పుడు వేస్తోంది" అన్నారు ఆమె. "రేపు ఇంకో పది గుడ్లు పెట్టు."

రంగును కొసదాకా పాకనిచ్చి చూస్తే ఆ పదీ మూడింటి మాటే చెప్పాయి. తన పేపరు తప్పని ఆ పత్రికకు ఆమే రాశారు. నా థీసిస్ మీద సంతకమూ పెట్టారు. నరకణం బతకడానికి కండరం నుంచి ఏం అందుతుందన్న ప్రశ్న పట్టుకుని, పదవీ విరమణ దగ్గర పడిన వయసులో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఈ రంగంలోకి వచ్చే పిల్లలు ఇప్పుడు చదువుకునేది ఆ రెండో పనినే. రంగు ఎక్కడిదాకా పాకిందో ముందు చూడమని చెప్పే ప్రయోగశాలలు చాలా ఉన్నాయి, ఆ జాగ్రత్త ఎవరి వల్ల వచ్చిందో తెలిసినవాళ్లే తక్కువ.

నేనూ ఇప్పుడు పాఠాలు చెబుతున్నాను. నా విద్యార్థి లెక్క నా లెక్కతో కలవనప్పుడు నాదే సరైనదని వాదించాలనిపిస్తుంది, అయినా కుర్చీ చూపించి కూర్చోమంటాను. అంతవరకు ఆమె నుంచి నేర్చుకోగలిగాను. నేర్చుకోలేనిది ఒకటుంది. ఆ ఏడాది సెమినార్ హాల్లో, నిండిన సభ ముందు మేడమ్ నన్ను లేపి నిలబెట్టి, "నా తప్పును పట్టుకున్నది ఈ అమ్మాయి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుంటే వినయం అనుకున్నారు. ఆ మూడింటినీ నేను దాచానని ఆమె చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇది రాసేదాకా నేనూ చెప్పలేదు.