క్యాసెట్ చివరి నాలుగు నిమిషాలు

కువైట్ వెళ్లేవాళ్లు నాలుగు రాళ్లు వెనకేసుకోవడానికి వెళతారు. నేను ఒక పాట పేరు తెలుసుకోవడానికి వెళ్లాను. పాలకొల్లులో ఈ మాట చెప్తే అందరూ నవ్వారు. నవ్విన నాపచేనే పండుతుందిలే అనుకుని పెట్టె సర్దుకున్నాను.

మా అమ్మ రూతమ్మ కువైట్ జాబ్రియాలో ఒక ఇంట్లో పదకొండేళ్లు పనిచేసింది. తొంభైల్లో ఫోను చేయడం మా తాహతుకు మించిన పని. అందుకని అమ్మ ఉత్తరాలు క్యాసెట్లలో వచ్చేవి. సెలవుకు వచ్చే మనవాళ్ల చేతికిచ్చి పంపేది. అమ్మమ్మా నేనూ టేప్ రికార్డర్ ముందు కూర్చునేవాళ్లం. అమ్మ బడి గురించి అడిగేది, బైబిల్ వాక్యం అప్పజెప్పమనేది, నేను ఎదురుగా ఉన్నట్టు కసిరేది కూడా. మధ్యలో ఎక్కడో దూరంగా ఒక మగగొంతు అరబ్బీలో కేక వేసేది. “ఉండు నాన్నా, బాబా టీ అడుగుతున్నారు” అని అమ్మ ఆపేసేది. అక్కడ ఇంటి యజమానిని బాబా, యజమానురాలిని మామా అంటారు. అమ్మ మాటలకు అడ్డొచ్చే ఆ బాబాను నేను తిట్టుకోని రోజు లేదు.

చివర్లో “ఉంటాను నాన్నా, ప్రార్థన మానకు” అనేది. టక్కుమని శబ్దం. నేను అరిగేదాకా విన్న ఒక క్యాసెట్లో ఆ వెంటనే డ్రమ్ములు, కాళ్లను ఊరుకోనివ్వని బేస్ గిటారు, ఆర్గన్, వాటి మీద ఏ కష్టమూ లేనట్టు పాడే ఒక ఆడగొంతు. నాలుగు నిమిషాలు వినిపించి టేపు అయిపోయేది.

నాకు సంగీతం వచ్చింది ఆ నాలుగు నిమిషాల నుంచే. ఆ బేస్ నడకను హార్మోనియం మీద పట్టుకున్నాను, తర్వాత కీబోర్డు మీద. మా లూథరన్ చర్చిలో సగం కీర్తనలు ఆ నడకలోనే నడుస్తున్నాయని నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఒక ఆదివారం జర్మనీ నుంచి అతిథులుగా వచ్చిన పెద్ద వయసు దంపతులు అది విని ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. నేను క్యాసెట్లోని ఆ పాట మొత్తం వాయించాక, ఇలాంటి పాటలకే తాము కుర్రతనంలో డాన్సులు చేసేవాళ్లమన్నారు. అమెరికా నల్లవాళ్ల సోల్ పాటల తాళం తెచ్చుకుని, తమ భాషలో మెత్తగా పాడుకునేవాళ్లట. తర్వాత అందరూ మర్చిపోయారట. ఇప్పుడు కుర్రాళ్లు పాత రికార్డుల కొట్లలో మళ్లీ వెతుకుతున్నారట. అన్నాళ్లూ అది అరబ్బీ పాటనుకున్నాను నేను. ఈ పాట పేరేమిటని అడిగితే మాత్రం వాళ్లకూ తెలియలేదు.

2009 ఫిబ్రవరిలో కువైట్లోని మన తెలుగు క్రైస్తవ సంఘం మూడు సాయంత్రాల సంగీత కూడికలకు కీబోర్డు వాయించమని విజిట్ వీసా పంపింది. ఇంకేం కావాలి! సాయంత్రం నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ కోసం పాలకొల్లు స్టేషన్లో నిలబడి ఉండగా అమ్మ రుమాలులో చుట్టిన క్యాసెట్ నా చేతిలో పెట్టింది. మా ఇంట్లో మిగిలింది అదొక్కటే, ఆ పాట ఉన్నది.

“ఆ కేసెట్లు నాకెవరూ ఇవ్వలేదురా” అంది. “స్టోరు గదిలో డబ్బాలో ఉంటే తీసుకున్నాను. పైన కన్నాలకి సెల్లోటేపు అంటించి నా మాటలు ఎక్కించేసేదాన్ని. బాబా వారం రోజులు ఎతికారు. నాకు నోరు పెగల్లేదు.”

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పాట చెరిగిపోకూడదనుకునేవాళ్లు క్యాసెట్ పైనున్న రెండు చిన్న పలకలు విరిచేస్తారు. ఆ కన్నాలకు సెల్లోటేపు అంటిస్తే మళ్లీ ఎక్కించుకోవచ్చు. గల్ఫులో ఈ విద్య రాని ఆడమనిషి ఉండేది కాదు. ఎన్ని తీసినా డబ్బా ఖాళీ అయ్యేది కాదని, అందుకే ధైర్యం చేశానని అమ్మ అంది. బాబా పోయారని ఎవరి ద్వారానో విన్నదట. “మామా ఉంది. ఎళ్లి సెప్పేసిరా. నాకు ఇక మొయ్యలేకుండా ఉంది.” అమ్మ కళ్లు తుడుచుకోవడం చూసి నాకు కష్టమనిపించింది. ఆ పాట ఉన్న అసలు రికార్డే కొని మామా చేతిలో పెట్టి వస్తానని మాటిచ్చాను. నా ధైర్యం అలాంటిది.

హైదరాబాద్ నుంచి విమానం అయిదు గంటలకు కాస్త తక్కువ. బుధవారం మధ్యాహ్నం దిగాను. అబ్బాసియాలో మా బావ డేనియల్ గదిలో బస. ఆరుగురికి ఒక గది, నాతో ఏడుగురు. కింద ఇడ్లీ దొరుకుతుంది, పక్కనే దర్జీ, దాని పక్కన మన ఉప్పూ పప్పూ అమ్మే కొట్టు. ఇల్లు వదిలి వచ్చామన్న దిగులు పడనివ్వరు. అక్కడ సెలవు శుక్రవారం కనుక ఆరాధన కూడా శుక్రవారమే. మొదటి రెండు సాయంత్రాల కూడికలు బాగా జరిగాయి. బేస్ నడక అందరికీ నచ్చింది, ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

ఆరాధన, మూడో కూడిక సాయంత్రానికి కనుక శుక్రవారం ఉదయం ఏడింటికి బస్సెక్కాను. పావు దీనారు టికెట్. అల్ రాయ్‌లో శుక్రవారం సంత ఉంటుంది, పాత సామాను కావాలంటే అక్కడికే వెళ్లాలి. తివాచీలు, పక్షులు, కుర్చీలు దాటుకుంటూ గంటసేపు నడిచాక రికార్డుల దుకాణం కనబడింది. అమ్మేది రాయచోటి మనిషి, ఖాదర్ బాషా. పాత విల్లాలు పడగొట్టేటప్పుడు కొడుకులు అమ్మేసే తండ్రుల సామాను కొంటాడు. నేను తెలుగులో అడిగేసరికి స్టూలు చూపించాడు.

“జర్మనీ పాటలు నాకేం తెల్సన్నా. అట్ట మింద ఆడమనిషి గొడుగు పట్టుకోని నవ్వతాంటే జర్మనీ అని పక్కన పెడతా. నువ్వే దేవులాడుకో” అన్నాడు.

ఆ శాస్త్రంలో తప్పులేదు. గొడుగులవి పదమూడు దొరికాయి. అన్నీ వేసి వినిపించాడు, ఓపికగల మనిషి. కొన్నింటిలో మాటలే లేవు. ఆడవాళ్ల బృందం లాలలా అంటూ కాలక్షేపం చేస్తుంది, వెనక ట్రంపెట్లు పద్ధతిగా వచ్చి పోతాయి. ఇవి పెళ్లి భోజనాల దగ్గర వేయదగ్గవి. కానీ అయిదో రికార్డులో ఒకామె గుండెలోంచి పాడింది. కింద బేస్ ఆమెతో వాదన పెట్టుకున్నట్టు నడిచింది. ఆ వాయించినతని పేరు అట్ట మీద ఎక్కడా లేదు. బేస్ వాయించేవాడి గతి జర్మనీలోనూ ఇంతేనని అర్థమైంది. ఖాదర్ బాషా చిటికెలు వేస్తూ, ఇది మా ఊరి పెండ్లి బ్యాండుకు ఏం తీసిపోదన్నాడు.

నా పాట మాత్రం ఏ రికార్డులోనూ లేదు. అయిదోదాన్ని దీనారుకు కొన్నాను. ఆ గొంతుతో మామాను ఒప్పించగలనని నమ్మకం.

శనివారం సాయంత్రం నాలుగున్నరకు, డేనియల్ ముందే ఫోను చేసి ఉంచడంతో, జాబ్రియా ఇంటి తలుపు నాకోసం తెరుచుకుంది. మామాకు డెబ్బై దాటి ఉంటాయి. పనివాళ్ల దగ్గర నేర్చుకున్న హిందీ, కొంచెం ఇంగ్లీషు మాట్లాడుతుంది. రూత్ కొడుకునని చెప్పగానే నా మొహం వంక చాలాసేపు చూసింది. చల్లకొచ్చి ముంత దాచడమెందుకని విషయమంతా చెప్పేశాను. రికార్డు ముందు పెట్టాను. ఆమె అట్ట చూసి పక్కన పెట్టింది. బాబా జర్మనీలో చదువుకునే రోజుల్లో రేడియో నుంచి తనే ఎక్కించుకున్న పాటలట అవి. పేర్లు ఆయనకే తెలియవట. అంటే కొనడానికి దొరికేవి కావు. నా ధైర్యం అక్కడ మొదటిసారి జారింది.

ఆమె క్యాసెట్ అడిగి తీసుకుని పెట్టింది. రెండు క్యాసెట్లు పట్టే పాతికేళ్ల కిందటి డబుల్ డెక్, ఇంకా పనిచేస్తోంది. అమ్మ గొంతు ఆ గదిలో వినిపించింది. లెక్కలు సరిగా చేస్తున్నావా, అమ్మమ్మ మాట వింటున్నావా అని. అప్పుడు దూరం నుంచి ఆ మగగొంతు.

“రూత్! వేన్ అల్ చాయ్?”

టీ ఎక్కడ అని. మామా చటుక్కున ఆపింది. వెనక్కి తిప్పి మళ్లీ వింది. మళ్లీ. ఆయన ఫోటోలు ఉన్నాయి కానీ గొంతు ఎక్కడా లేదని, పోయి నాలుగేళ్లయిందని తర్వాత చెప్పింది. ఎన్నిసార్లు విన్నదో నేను లెక్కపెట్టలేదు. చిన్నప్పుడు నేను తిట్టుకున్న కేక అది. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

క్యాసెట్ తనకు ఇమ్మంది. అమ్మ గొంతు, నా పాట రెండూ అందులోనే ఉన్నాయి. ఇవ్వనని ఎలా అనను? పాటలు దొరికితే ఎక్కించుకోవచ్చని అబ్బాసియాలో కొన్న కొత్త క్యాసెట్ సంచిలో ఉంది. దాని మీదకు ఎక్కించింది. అరగంట ఇద్దరం కదలకుండా విన్నాం. చివరి పాటకు ఆమె వేలు సోఫా చేతి మీద తాళం వేసింది. తర్వాత నన్ను హాల్లో టీ తాగమని పంపి తలుపు వేసుకుంది. తిరిగి వచ్చేసరికి అమ్మ అంటించిన సెల్లోటేపు ఒలిచి బల్ల మీద పెట్టి ఉంది. ఇక దాని మీద ఎవరూ ఏమీ ఎక్కించలేరు. కొత్త క్యాసెట్ నాకిచ్చి, రెండో వైపు రూత్‌కి అని చెప్పింది. రికార్డు కూడా తిరిగి ఇచ్చేసింది, నువ్వు వాయించుకో అంటూ.

ఆదివారం మధ్యాహ్నం విమానం, ఆ పైన రైలు. వెళ్లదలచినవాళ్లకు ఒక మాట: సంతకు ఏడింటికే వెళ్లండి, గొడుగుల అట్టలు వదలకండి. పాట పేరు దొరకలేదు నాకు. అయినా వృథాగా తిరిగానని ఒక్క స్టేషన్లో కూడా అనిపించలేదు. బేస్ వాయించినవాడి పేరు తెలియకుండానే పాట నిలబడుతుందని ఆ వారంలో బాగా తెలిసింది.

పాలకొల్లులో పొద్దున్నే దిగి ఇంటికి రాగానే అమ్మ రెండో వైపు పెట్టమంది. మామా అరబ్బీలో మాట్లాడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అమ్మ మాత్రం చేత్తో నోరు మూసుకుని వింది. అయిపోయాక ఏమందని అడిగాను.

“బాబాకి తెలుసంటరా” అంది అమ్మ. “ఎవరు తీస్తన్నారో, ఎందుకు తీస్తన్నారో ఆ వారంలోనే తెలిసిందంట. తరవాత డబ్బా ఖాళీ అవకుండా తన కేసెట్లు తెచ్చి పెట్టింది ఆయనేనంట.”

లేచి పాలు పొయ్యి మీద పెట్టి వచ్చి, మొదటి వైపు తిప్పమంది. ఆ కేక వచ్చేదాకా ఇద్దరం టేప్ రికార్డర్ ముందు కూర్చున్నాం.