బొట్టు పెట్టిన తుపాకీ

ఆదివారం సాయంత్రం అత్త ఫోన్ చేసింది. "ఒలే, మీ మావయ్య పోనాడే" అంది. క్లాంగ్‌లో మా ఇంటి వెనక ఆరేసిన బట్టలు తీస్తున్నాను నేను. ఎలా అని అడిగితే "నేస్తం తుపాకీ" అని, ఫోన్ పక్కింటావిడ చేతికిచ్చింది. మిగతాది ఆవిడ చెప్పింది. వాళ్ళ ఊరు సుంగై సుమున్ దగ్గర పామాయిల్ తోటలోకి అడవి పందుల వేటకి వెళ్ళారట. నేస్తం తూటా పెట్టి తుపాకీ మూస్తుంటే పేలిందట. గుళ్ళు మావయ్య తొడలో దిగాయట. ఆస్పత్రి దారిలోనే ప్రాణం పోయిందట. "అంతా దేవుడి లీల లా, మనం ఏటి సేస్తాం" అని, ఇక్కడ మేమంతా మాట చివర తగిలించే ఆ 'లా'తో సహా, ముగించింది.

ఆ మాట విన్నప్పట్నించి నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. మా తెలుగు సంఘం పత్రికవాళ్ళు మావయ్య గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. నాలుగేం ఖర్మ, నలభై రాస్తాను. దేవుడి లీల అని మాత్రం రాయను. చదివేవాళ్ళకి ఇబ్బందిగా ఉంటే ఇక్కడే పేజీ తిప్పేయండి.

ముందు నేస్తం అంటే ఎవరో చెప్పాలి. మా ముత్తాతలు ఉత్తరాంధ్ర నుంచి ఈ మలాయి దేశపు రబ్బరు తోటలకి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న ఆచారాల్లో నేస్తరికం ఒకటి. ఇద్దరు స్నేహితులు పెద్దల ఎదుట తాంబూలం మార్చుకుని నేస్తం కట్టుకుంటే ఇక వాళ్ళు చుట్టాల కంటే ఎక్కువ. ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. ఒకరి మాట ఒకరు కాదనరు. మావయ్యకీ ఆయన నేస్తానికీ పెళ్ళిళ్ళు కాకముందే ఈ ముడి పడింది. రబ్బరు పోయి పామాయిల్ వచ్చినా, తోట ఇళ్ళు ఖాళీ చేసి ఇద్దరూ పక్క పక్క వీధుల్లో సొంత ఇళ్ళు కట్టుకున్నా, ఆ ముడి అలాగే ఉండిపోయింది.

లేత పామ్ మొక్కల మొదళ్ళని పందులు తవ్వి తినేస్తున్నాయని ఇద్దరూ ఒకేసారి తుపాకీ లైసెన్సు తెచ్చుకున్నారు. కొనడానికి ఈపో పట్నంలో తుపాకుల కొట్టుకి తీసుకెళ్ళింది నేనే. నడిమికి మడిచి తూటా పెట్టే రకం తుపాకులు అద్దాల వెనక వరసగా నిలబెట్టి ఉన్నాయి. నేస్తం కళ్ళు నేరుగా పువ్వులు చెక్కిన నున్నటి కర్ర మడమ మీద పడ్డాయి. మావయ్య ఆ కర్ర వంకే చూడలేదు. ఒక్కోదాన్నీ మడిచాడు, మూశాడు, గొట్టం పట్టుకుని ఊపి చూశాడు, కిటికీ వెలుతురుకి పట్టి కీలు దగ్గర సందు ఏమైనా ఉందేమోనని కన్ను ఆనించాడు. కొట్టు చీనా ఆయన ఓపికగా నిలబడ్డాడు. నేస్తానికి విసుగొచ్చింది.

"పెళ్ళికూతుర్ని సూడ్డానికొచ్చి పళ్ళు లెక్కెడతన్నావేటి నేస్తం?"

"ఈ పెళ్ళికూతురు కాలుస్తాది లా. అందుకే" అన్నాడు మావయ్య. కొట్టాయనకి తెలుగు రాకపోయినా వీళ్ళిద్దరి మొహాలు చూసి నవ్వాడు. చివరికి మావయ్య కొన్నది పాత గొడుగు కర్రలాంటి వెలిసిన రంగుది. నేస్తం కొన్నది పువ్వులది. ఒక సంగతి గుర్తు పెట్టుకోండి, ఆ పువ్వులదీ మంచి తుపాకీయే. దాన్నీ మావయ్య ఊపి, మూసి, కీలు చూసి, "బాగుంది, తీసుకో నేస్తం" అన్నాకే కొన్నారు.

ఆ తర్వాత మావయ్య ఇంట్లో బతకడం ఎంత కష్టమో మాకే తెలుసు. తుపాకీ ఒక గదిలో ఇనుప బీరువాలో, తూటాలు ఇంకో గదిలో బిస్కట్ డబ్బాలో, తాళంచెవులు ఆయన మొలతాడుకి. తోటలో నడిచినంతసేపూ తుపాకీ మడిచి చేతి మీద వేసుకునే నడిచేవాడు. పంది కనిపిస్తే తప్ప మూసేవాడు కాదు. మూసేటప్పుడు గొట్టం నేల వైపు, మనిషన్నవాడు ముందూ పక్కనా ఉండకూడదు. ఈ పిచ్చి వంటింట్లోకీ వచ్చింది. అత్త గ్యాస్ లైటర్ ఎవరి వైపైనా పట్టుకుని మాట్లాడితే, "కిందకి తిప్పు" అనేవాడు. మేం నవ్వేవాళ్ళం. ఇప్పుడు పోర్ట్ క్లాంగ్ గోడౌన్‌లో నేను షిఫ్ట్ చూస్తుంటాను. ఫోర్క్‌లిఫ్ట్ కొమ్ములు నేలకి దించకుండా ఎవడైనా దిగాడా, నా నోట్లోంచి వచ్చేది ఆ మాటే. "కిందకి తిప్పు." మా కుర్రాళ్ళు నన్ను వెనకాల ఏమంటారో నాకు తెలుసు. అననీ. ఇంతవరకు నా షిఫ్టులో ఎవరికీ కాలు విరగలేదు. అది మావయ్య పెట్టిన భిక్ష.

వేట నుంచి రాగానే ముందు తుపాకీ, ఆ తర్వాతే స్నానం. వరండాలో పాత పేపర్లు పరిచి, విప్పి, తుడిచి, సన్నగా తుపాకీ నూనె రాసి, మళ్ళీ ఆ నూనె కూడా తుడిచేసేవాడు. రాసింది తుడిచెయ్యడమెందుకు మావయ్యా అంటే, "ఎక్కువైతే మట్టిని పిలుస్తాది. మట్టొస్తే సూది పట్టేస్తాది" అన్నాడు. ఆ సూది సంగతే మీకు చెప్పాలి. తూటా వెనక కొట్టి పేల్చే సన్న సూది ఒకటి తుపాకీలో ఉంటుంది. కొట్టి వెనక్కి పోవాలి. పోకుండా జిగురుకి పట్టేసి బయటికి పొడుచుకుని ఉండిపోయిందంటే, తూటా పెట్టి తుపాకీ మూసిన క్షణానే పేలుతుంది. మీట నొక్కక్కర్లేదు. సేఫ్టీ వేసి ఉన్నా ఆగదు.

ఇప్పుడు వినండి నేస్తం చేసే నిర్వాకం. ఏటేటా ఆయుధపూజకి ఆయన ఇంట్లో తుపాకీకి జరిగినంత మర్యాద పెళ్ళికొడుక్కి కూడా జరగదు. గంధం పూసి, కుంకుమ బొట్లు పెట్టి, పూలదండ వేసి, అది చాలదన్నట్టు సందుల్లో కొబ్బరి నూనె పోసేవాడు. దేవుడి దగ్గర వెలిగించిన నూనెట, మంచిదట. ఆ నూనె ఎండి బంకవుతుంది. గంధం పొడి అందులో కూరుకుంటుంది. బొట్టు చెరిగిపోతుందని మళ్ళీ పండగ దాకా గుడ్డ కూడా తగలనిచ్చేవాడు కాదు.

"బొట్టెట్టినావు, బాగుంది. ఇప్పి సూసినావా?" అని మావయ్య ప్రతి ఏడూ అడిగేవాడు. ప్రతి ఏడూ అందరూ నవ్వేవాళ్ళు. మావయ్యకి భక్తి తక్కువని పేరు కూడా వచ్చింది.

పోవడానికి కొన్ని వారాల ముందు నేస్తం ఆ తుపాకీ పట్టుకుని మావయ్య వరండాలోకి వచ్చాడు. అత్త టీ ఇవ్వడానికి వచ్చి అక్కడే నిలబడింది. మావయ్య అగ్గిపుల్లతో సూదిని నొక్కి చూశాడు. కదల్లేదు.

"ఇది ఎనక్కి ఎల్లట్లేదు నేస్తం. కొట్టుకి అట్టుకెల్లు. బాగయ్యేదాకా దీనిలోన తూటా ఎట్టకు."

"పూజ సేసిన ఆయుధం నేస్తం. దీనికేటవుద్ది లా."

ఆ మాటలు విన్నది అత్త ఒక్కతే. అందుకే దినాలు పూర్తి కాకముందే మా గుడి పెద్దాయన ఇంటికొచ్చాడు. పోలీసులు నేస్తం మీద కేసు రాస్తున్నారు, అత్తని వాంగ్మూలానికి పిలుస్తారు. ఆయన కుర్చీలో కూర్చుని, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"సెల్లెమ్మా, పోయినోడు ఎలాగూ తిరిగి రాడు. ఆ తుపాకీ మాలే బాగోలేదు, తయారీలోనే తేడా ఉన్నాది, ముందు ఎవరికీ తెల్దు అని సెప్పు. నేస్తం కట్టినోడి మీద సాచ్చికం సెప్తే మనోళ్ళ పరువేటవుద్ది?"

నేను ఊరుకోలేకపోయాను. "మాల్ బాగానే ఉంది. చేసినవాడు సరిగానే చేశాడు. మీరంతా కలిసి దానికి నూనె పోసి హారతిచ్చారు" అన్నాను.

"నువ్వు పట్నం పిల్లవి. నీకివన్నీ తెల్దు."

"తుపాకీకి నోరు లేదని నేరం దాని మీద పెడతారా పెద్దాయనా?"

ఆయన నా వైపు చూడనే లేదు. అత్త వైపే చూశాడు. అత్త అవునూ అనలేదు, కాదూ అనలేదు. "టీ తాగతారా?" అంది. ఆయన దాన్ని ఒప్పుకోలు అనుకుని తాగి వెళ్ళాడు. ఆ కప్పు కడగమంటే నేను కడగలేదు.

పోలీసు స్టేషన్‌కి అత్తనీ, మావయ్య తుపాకీనీ నేనే తీసుకెళ్ళాను. లైసెన్సు మనిషితోనే పోయింది కాబట్టి తుపాకీ అప్పగించాలి. సార్జెంటు దాన్ని మడిచి, గొట్టంలోకి చూసి, బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు. తర్వాత మలాయిలో అడగడం మొదలుపెట్టాడు. అత్త మలాయిలోనే జవాబిచ్చింది.

"ఆ తుపాకీ పాడైందని దాని యజమానికి ముందే తెలుసా?"

"తెలుసు. మా ఆయన చూపించాడు. నేను పక్కనే ఉన్నాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. చాలు, ఇక లేద్దాం అనుకున్నాను. అత్త లేవలేదు.

"మా ఆయనకీ తెలుసు. ఆ ఆదివారం మా గుమ్మంలోనే నేస్తాన్ని అడిగాడు, బాగు చేయించావా అని. లేదు అన్నాడు. అయినా చెప్పులు విప్పి బూట్లు వేసుకుని వెంట వెళ్ళాడు."

"తెలిసీ ఎందుకు వెళ్ళాడు?"

"రానంటే నేస్తం నొచ్చుకుంటాడని."

కారెక్కాక నేను అత్త మీద విరుచుకుపడ్డాను. చచ్చిపోయిన మనిషి మీద తప్పు వెయ్యడానికా ఇంత దూరం వచ్చింది? అడిగింది నేస్తం సంగతి, మావయ్య సంగతి ఎవరడిగారు? అత్త చీర కొంగు ఒళ్ళో మడుచుకుంటూ నన్ను అరవనిచ్చింది. తర్వాత అంది, "సగం సెప్తే అబద్ధవే కదే. మీ మావయ్య మంచోడు. ఆ మంచితనంతోటే సచ్చినాడు. అది దాస్తే రేపు ఇంకో ఇంట్లో ఇంకొకడు ఇలగే ఎల్తాడు."



ఇల్లు చేరాక అత్త ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన ప్లాస్టిక్ సంచి బయటికి తీసింది. అప్పటిదాకా ముడి విప్పలేదు. అందులో మావయ్య రబ్బరు బూట్లు. ఒకటి బాగానే ఉంది. ఇంకోదాన్ని ఆస్పత్రిలో కత్తెరతో పైనుంచి కింద దాకా కోసేశారు. పారేద్దాం అత్తా అన్నాను. వినకుండా పెరటి కుళాయి దగ్గర పీట వేసుకుని రెండూ కడగడం మొదలుపెట్టింది.

గేటు చప్పుడైంది. నేస్తం. గడ్డం పెరిగి, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని ఉన్నాడు. లోపలికి రాలేదు. రమ్మని మేం అనలేదు. ఆయన్ని అనాలనుకున్న మాటలన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి.

"నేస్తురాలా" అన్నాడు అత్తతో. "పోలీసులకి నాను సెప్పినాను. పెద్దాయన సెప్పమన్నది కాదు. నేస్తం సెప్పినాడు, నానే ఇన్లేదు అని సెప్పినాను."

అత్త తల ఊపింది. ఆయన గేటు దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

ఆ మనిషి అబద్ధమాడి ఉంటే నాకెంత సుఖంగా ఉండేదో చెప్పలేను. తిట్టుకుంటూ బతికేసేదాన్ని. ఇప్పుడు నాకు కోప్పడ్డానికి మావయ్య ఒక్కడే మిగిలాడు. గ్యాస్ లైటర్ కూడా కిందకి తిప్పించినవాడివి, ప్రపంచానికంతా జాగ్రత్త చెప్పినవాడివి, "నాను రాను నేస్తం" అన్న ఒక్క మాట నీ నోట రాలేదా మావయ్యా? ఆయన నొచ్చుకుంటే రెండు రోజులు మాట్లాడేవాడు కాదు. అంతే కదా.

అత్త బూట్లు కడగడం అయింది. కంచె కర్రలకి బోర్లా తగిలించింది. బాగున్నది నిలబడింది. కోసినది రెండుగా విచ్చుకుని కర్ర మీంచి జారి పడిపోయింది. ఆవిడ వంగి తీసి మళ్ళీ తగిలించింది. మళ్ళీ పడింది. మళ్ళీ తీసింది.