దసరా నాడు ఊడిన దుర్బీను

నేను చెయ్యని పనిని నా మీద రుద్ది, చేతికందిన నౌకరీ పోగొట్టారు. అలా రుద్దింది సూర్యాపేట వకీలు సాబు. ముందు ఈ మాట రాస్తే గానీ మిగతాది రాయబుద్ధి కాలేదు.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. బడికి పోకున్నా, పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదువుకున్నవాణ్ణి. మా ఇంట్లో దీపానికి దండం పెట్టేది నా భార్య లక్ష్మమ్మ ఒక్కతే. అలాంటి నేను ఇది చెప్పుకోవలసి రావడమే నాకు రోత.

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు. నేను మిర్యాలగూడలో బియ్యం మిల్లు ఫిట్టర్ని. కోదాడ దిక్కు గడీ దొర ఒకాయన పట్నం పోతూ, చుక్కలను చూసే పెద్ద ఇత్తడి దుర్బీనును వకీలు సాబుకు అమ్మాడు. ఎడ్లబండి కుదుపులకు దాన్ని నిలబెట్టే ఇనప పలక వంగింది. అద్దాల చుట్టూ దుమ్ము చొరకుండా ఉండే తోలు రింగులు పగిలాయి. బాగుచేస్తే పట్నంలో చుక్కలను పరిశీలించే వేధశాలలో మెకానిక్కుగా పెట్టిస్తానని వకీలు సాబు మాటిచ్చాడు. అక్కడి అధికారి దసరా సాయంత్రం వచ్చి చూస్తాడట.

వకీలు సాబు ఇంటి మిద్దె గదిలోనే పని పెట్టుకున్నాను. పలకకు దీపం మసి పూసి, చదును బండ మీద రుద్ది, మసి చెరిగిన చోటల్లా ఎత్తుందని ఆకురాయితో అరగదీశాను. తోలును కరిగిన మైనంలో ముంచి కొత్త రింగులు కోశాను. బిగించడం మాత్రం పండగ రోజుకు మిగిలింది.

మా వైపు దసరా నాడు పనిముట్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి పక్కన పెడతారు. వాటితో ఎవరూ పని చెయ్యరు. పనిముట్లు ముట్టొద్దని లక్ష్మమ్మ మరీమరీ చెప్పి పంపింది. ఆ మాట చెబితే వకీలు సాబు నవ్వాడు.

"ఏం మేస్త్రీ, పానాకు మొక్కుతవా, పట్నం నౌకరీకి మొక్కుతవా?"

నౌకరీకే మొక్కాను. మధ్యాహ్నానికి పానాతో బోల్టులన్నీ బిగించాను. వేలితో తోస్తే దుర్బీను మెత్తగా తిరిగింది. మిద్దె గదికి వకీలు సాబే తాళం వేశాడు. ఆ గదికి ఒకటే మెట్లదారి. ఆ మెట్ల కిందే ఇద్దరం కూర్చుని తిన్నాం. పనిముట్ల సంచి నా మోకాలికి ఆనుకునే ఉంది.

తిని పైకి పోయి తాళం తీస్తే, దుర్బీను జంపఖానా మీద పడుకోబెట్టి ఉంది. ఇద్దరు పడితే గానీ లేవని గొట్టం. ఎక్కడా గీత పడలేదు. పలక ఊడి ఉంది. బోల్టులు, తోలు రింగులు కడిగి నా నూనెగుడ్డ మీద వరుసగా పేర్చి ఉన్నాయి. ఒక్కోదానికి పసుపు, కుంకుమ. ఇంకా తడిగానే ఉన్నాయి. సంచి విప్పి చూసుకుంటే, లోపలి పానాకూ తడి కుంకుమ అంటి ఉంది.

వకీలు సాబు ముఖం తెల్లబోయింది. మళ్లీ బిగిద్దామనేలోపే అధికారి మెట్లెక్కి వచ్చాడు.

అప్పుడు వకీలు సాబు అన్న మాట నేను ఇప్పటికీ మరవలేదు. మేస్త్రికి పండగ పిచ్చి ఎక్కువనీ, పూజ కోసం అంతా విప్పుకుని కూర్చున్నాడనీ చెప్పాడు. అధికారి నవ్వి, ఇలాంటి మూఢులు శాస్త్రం పనికి పనికిరారంటూ దిగిపోయాడు. మూఢుణ్ణి నేనట. దీపానికి కూడా చెయ్యెత్తనివాణ్ణి.

మిల్లులోనే ముసలివాణ్ణయ్యాను. ఆ గదిలోకి ఎవరు పోయారో, మూతి కట్టిన సంచిలోకి కుంకుమ ఎలా వచ్చిందో ఎంత ఆలోచించినా తెగలేదు. ఇగ తెగదు కూడా. వకీలు సాబు ఎందుకలా అన్నాడో మాత్రం ఎదురుపడినప్పుడల్లా అడిగాను. తల తిప్పుకుని పోయేవాడు. చివరికి ఇద్దరమూ ముసలివాళ్లమయ్యాక, కోదాడ బస్టాండులో ఒకే బల్ల మీద కూర్చోవలసి వచ్చింది. మళ్లీ అడిగాను. చేతికర్ర వైపు చూస్తూ జవాబిచ్చాడు:

"నువ్వు చెయ్యలేదని నాకు అప్పుడే తెల్సయ్యా. అంత చదువుకున్నాయన ముందట, దయ్యం విప్పిందని నేనెట్ల చెప్పాలె?"