బుడాన్ లోకల్ బండి

మన దగ్గర "లోకల్" అనే మాటకి ఉన్నంత చెడ్డపేరు ఇంకే మాటకీ లేదు. దర్శిలో ఏ స్పేరు పార్టుల కొట్టుకైనా వెళ్ళి ఒక బేరింగు అడగండి. "కంపెనీదా, లోకలా?" అంటాడు. కంపెనీ అంటే నిలబడేది, లోకల్ అంటే నాలుగు రోజుల్లో ఊడి చేతికొచ్చేది. మిరప విత్తనం దగ్గర నుంచి వైరు ముక్క దాకా ఇదే వరస. అసలు లోకల్ అంటే ఈ ఊరిది అని కదా? ఈ ఊరి నీళ్ళు తాగి పెరిగినవాళ్ళే ఈ ఊరి సరుకుని ఛీ కొట్టడానికి ఆ మాటని వాడుకుంటున్నారు. ఇందులో సిగ్గుపడాల్సిన సంగతి ఉందని ఎవరికీ తట్టదు. షేక్ బుడాన్‌కి కూడా నలభై ఏడేళ్ళు వచ్చేదాకా తట్టలేదు. ఆయనా కొట్టు ముందు నిలబడి "లోకల్ వద్దు, కంపెనీది తియ్యి" అన్నవాడే.

బుడాన్‌ది అద్దంకి రోడ్డు పక్కన రేకుల షెడ్డు. వెల్డింగు పని. విరిగిన గొర్రు, వంగిన గుంటక, పగిలిన ట్రాక్టరు ట్రక్కు, అన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. మిరప కోతల రోజుల్లో ఆయన అతికిన ట్రక్కుల్లో నలభై మంది ఆడవాళ్ళు కిక్కిరిసి కూర్చుని పొలాలకి పోతారు. ఇన్నేళ్ళలో ఒక్క అతుకు ఊడింది లేదు. అది ఆయన గొప్పగా చెప్పుకోడు. అడిగితే మాత్రం చెప్తాడు.

ఇది బతుకుతెరువు. పిచ్చి మాత్రం వేరే ఉంది, సైకిళ్ళ పిచ్చి. అదీ మామూలు సైకిళ్ళు కాదు, లావు టైర్లు, గేర్లు, ముందు షాకులు ఉండే కొండ సైకిళ్ళు. పదకొండేళ్ళ క్రితం చీరాలలో పాత ఇనుము కొట్టుకి వెళ్ళినప్పుడు కుప్పలో ఒక విరిగిన కొండ సైకిలు కనిపించింది. ఇంటికి తెచ్చి, విప్పి, గోనెపట్టా మీద పరిచి, దాని చుట్టూ మూడు రోజులు తిరిగాడు. అన్నం తినడానికి లేవమంటే లేవలేదు. "ఏమయ్యా, దానికేమన్నా ప్రాణం ఉందా, పక్కనే కాపలా కాస్తున్నావు?" అని భార్య జానీబీ కసిరింది. ఆ రోజు నుంచి ఆ పిచ్చి వదల్లేదు.

"కొండలు లేని ఊళ్ళో కొండ సైకిలేంది బుడానూ?" అని ఊరంతా వెక్కిరించింది. కొండ లేకపోతే మానె. చీమకుర్తి వైపు వెళ్తే గ్రానైటు తవ్వి పోసిన రాళ్ళ గుట్టలున్నాయి. సాగర్ కాలువ కట్ట ఉంది. పత్తి చేల మధ్య బండ్ల డొంకలున్నాయి. తెల్లారుతూనే షెడ్డు తెరిచేలోపు ఆయన వాటి మీద ఇరవై మైళ్ళు తొక్కి వచ్చేవాడు. ఎక్కడ ఊగిందో, ఎక్కడ పట్టేసిందో గుర్తు పెట్టుకుని వచ్చి, ఆ ముక్క కోసి, మళ్ళీ అతికేవాడు. గేర్లూ డిస్కు బ్రేకులూ పార్శిల్లో తెప్పించుకునేవాడు. ఫ్రేము మాత్రం తనదే. ఒక బండి అయ్యాక దాని తప్పులు దిద్ది ఇంకోటి, దాని తప్పులు దిద్ది మరోటి. అయిదో బండికి పని కుదిరింది. ట్రాక్టరుకి వెయ్యగా మిగిలిన ఎర్ర రంగు దానికి వేశాడు.

ఆ ఎర్ర బండిలో ఒక విశేషం ఉంది. మన నల్లరేగడి తడిస్తే ఎలా ఉంటుందో తెలుసు కదా, అడుగు వేస్తే చెప్పు లాగేసుకుంటుంది. ఏ కంపెనీ సైకిలు దింపినా టైరుకీ ఫ్రేముకీ మధ్య సందులో మట్టి కూరుకుపోయి చక్రం బిగిసిపోతుంది. బుడాన్ గొర్రులు బాగుచేసి పెరిగినవాడు. ఇనుముకి ఈ మట్టి ఎక్కడ పట్టుకుంటుందో ఆయన చేతికి తెలుసు. వెనక చక్రం పక్కన గొట్టాలు ఎడంగా వంచి, రెండేసి వేళ్ళ సందు వదిలాడు. టైరుకి అంటిన మట్టిని గీకి పారేయడానికి చిన్న రేకు ముక్క బిగించాడు. అలాంటిది ఏ కంపెనీ బండికీ లేదు. ఎందుకుంటుంది? ఆ బళ్ళు గీసినవాళ్ళు దర్శి మట్టిలో ఎప్పుడు దిగారు?

పదకొండేళ్ళు ఒంటరిగా తొక్కాక ఆయనకి ఒక్క కోరిక మిగిలింది. తను చేసిన బండి పది మంచి బళ్ళ మధ్య నిలబడాలి, వాటితోపాటు పోవాలి. గెలవకపోయినా పరవాలేదు. ఇది నిజంగా సైకిలేనా, లేక తన పిచ్చేనా అన్నది తేలాలి.

పోయిన ఫిబ్రవరిలో పట్నం నుంచి ఒక సైకిల్ క్లబ్బు వచ్చి దర్శి దగ్గర పందెం పెట్టింది. కాలువ కట్ట మీద, చేల డొంకల్లో నలభై కిలోమీటర్లు. బుడాన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, బండి తుడుచుకుని పేరు రాయించడానికి వెళ్ళాడు. బల్ల దగ్గర కూర్చున్నది క్లబ్బు పెద్ద జయదేవ్. వాళ్ళది కోల్డ్ స్టోరేజీల కుటుంబం. తాతల నాటి నుంచి మిర్చి బస్తాల మీద బతికిన ఇల్లు.

"మీ బండి ఏ కంపెనీ అండి?"

"నేనే చేశానండి."

జయదేవ్ కలం ఆగింది. కాగితం మీద "కంపెనీ" అన్న గడి ఖాళీగా ఉండిపోయింది. బండి వంక ఒకసారి చూశాడు. చెయ్యి వేసి చూడలేదు, లేవనైనా లేవలేదు. "సారీ అండి. లోకల్ ఫ్రేములు ఎలౌ చెయ్యం. సేఫ్టీ ఇష్యూ."

"ఒకసారి అతుకులు చూడండి బాబూ. కావాలంటే మీరే ఎక్కి తొక్కి చూడండి."

"చూడక్కర్లేదండి. లోకల్ అంటే లోకలే కదా."

వెనక నిలబడినవాళ్ళలో ఎవరో నవ్వారు. బుడాన్ బండి నడిపించుకుంటూ ఇంటికొచ్చాడు. ఎక్కి తొక్కాలని కూడా అనిపించలేదు. వాకిట్లో దాన్ని గోడకి ఆనించి, అప్పుడు బద్దలయ్యాడు.

"సేఫ్టీ అంట! నా వెల్డింగు మీద నలభై మంది ఆడవాళ్ళు కూర్చుని వాళ్ళ గోదాములు నింపే మిరప కోతకి పోతే అప్పుడు లేదే సేఫ్టీ! వాళ్ళ బస్తాలు నా ట్రక్కుల్లో పోతే అప్పుడు లోకల్ కాదే! చెయ్యన్నా పెట్టి చూడలేదే ఆ మనిషి. పేరడిగాడంతే!"

జానీబీ కోపం వేరు. అరవదు, దాచుకుంటుంది.

అక్టోబరులో అదే క్లబ్బు మళ్ళీ అదే దారిలో పందెం అంది. బుడాన్ పోనన్నాడు. పోవాలని మాత్రం ఆయన మొహం నిండా ఉంది. జానీబీ చూసింది. బీరువా తెరిచి, అట్ట కింద నుంచి ఒక పొడుగాటి స్టిక్కరు తీసింది. వెండి రంగు మీద నల్లటి వంకర ఇంగ్లీషు అక్షరాలు, టాల్వెరా.

అది సైకిలు కంపెనీ కాదు. మిరపకి కొట్టే తామర పురుగు మందు. కిందటేడు జానీబీ ఎకరం కౌలుకి తీసుకుని మిరప వేసింది. పువ్వు దశలో నల్ల తామర పురుగు పడింది. కంపెనీవాళ్ళు ఊళ్ళో మీటింగు పెట్టి, ఈ మందు కొడితే మూడో రోజుకి పురుగు మాయం అని చెప్పి, తలకొక టోపీ, ఒక స్టిక్కరు ఇచ్చి పోయారు. నాలుగుసార్లు కొట్టింది. పురుగు చావలేదు, పువ్వంతా రాలింది. టోపీ మాత్రం ఇంకా చిరగలేదు.

"వాళ్ళకి పేరు కావాలంతేగా. ఇదిగో పేరు," అంటూ ఎర్ర గొట్టం మీద స్టిక్కరు పెట్టి బొటనవేలితో గట్టిగా రుద్దింది.

"ఛీ, తియ్యవే! నా బండికి పురుగు మందు పేరా?"

"మన పంటకి పనికిరాని పేరు. నీ బండికైనా పనికొస్తుందేమో చూద్దాం. పోవాలనుందా, లేదా?"

ఉంది. అదే ఆయన బలహీనత. ఆయన తీయలేదు.

బల్ల దగ్గర మళ్ళీ జయదేవే. ఫిబ్రవరిలో చూసిన మనిషి గానీ, చూసిన బండి గానీ ఆయనకి గుర్తు లేవు. వెండి స్టిక్కరు మాత్రం కనిపించింది. ఈసారి కుర్చీలోంచి లేచాడు. గొట్టం మీద చెయ్యి వేసి నిమిరాడు. "టాల్వెరా! ఎక్కడో విన్నానండి. ఇటలీదా?"

బుడాన్ తల వంచి బ్రేకు సర్దుకున్నాడు. జయదేవ్ గడిలో "టాల్వెరా" అని రాసేసుకుని నంబరు కాగితం చేతికిచ్చాడు. మిర్చి డబ్బుతో పెరిగినవాడికి మిరప మందు పేరు తెలియదు. విన్న గుర్తుంది గానీ, తమ ఇంటి గోదాముకి వచ్చే రైతుల నోటే విన్నానని తెలియదు. ఇలాంటివాళ్ళు మన సరుకు మంచిదో చెడ్డదో తేలుస్తారు!

ముందు రోజు వాన పడింది. కాలువ కట్ట మీద పట్నం బళ్ళు దూసుకుపోయాయి. బుడాన్ వెనకబడ్డాడు. తొమ్మిదో కిలోమీటరు దగ్గర దారి పత్తి చేలల్లోకి దిగింది. అక్కడ మొదలైంది తమాషా. వంద గజాలు పోలేదు, ఒక్కొక్క బండీ బిగిసిపోయింది. ఖరీదైన బళ్ళవాళ్ళంతా దిగి, పుల్లలతో, వేళ్ళతో చక్రాల్లోంచి రేగడి పెకిలించుకుంటున్నారు. ఎర్ర బండి వెనక రేకు ముక్క టకటకమంటూ మట్టిని గీకి పారేస్తోంది. బుడాన్ దిగకుండా వాళ్ళ మధ్యలోంచి పోయాడు. పదకొండేళ్ళ ప్రశ్నకి ఆ డొంకలో జవాబు దొరికింది. ఇది సైకిలే.

ఆ సంతోషం ఎంతసేపు? పక్కన మిరప చేలో కలుపు తీస్తున్న మదార్‌బీ, జానీబీతో కూలికి పోయే మనిషి, నడుం ఎత్తి చూసింది. స్టిక్కరు చూసింది, మీటింగులో తనకీ ఇచ్చిందే. చేనంతా వినబడేలా అరిచింది.

"ఏంది బుడానన్నా, నీ బండికి తామర పురుగు పట్టిందా?"

చేలో ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఎకరం చేను నాశనమైనవాళ్ళు, ఆ మందు వాసన ఒంటికి పట్టించుకున్నవాళ్ళు. వాళ్ళ నవ్వులో తప్పు లేదు. బుడాన్ చెవులు కాలాయి. ఫిబ్రవరిలో బల్ల దగ్గర విన్న నవ్వు కంటే ఇది ఎక్కువ తగిలింది. ఎందుకంటే వీళ్ళకి చదవడం రాకపోయినా ఆ పేరేంటో తెలుసు. తన చేతుల కష్టం మీద ఆ దగా పేరు అంటించుకుని తిరుగుతున్నది తనేనని అప్పుడు తెలిసింది. మిగిలిన దారంతా పళ్ళు కొరుకుతూ తొక్కాడు.

పందెం ముగిసే స్కూలు గ్రౌండులోకి అందరికంటే ముందు వచ్చింది ఆయనే. జయదేవ్ మైకు పట్టుకుని పరిగెత్తుకొచ్చి మెడలో పతకం వేశాడు. "చూశారా అండి, ఇదీ క్వాలిటీ అంటే! ఇంత బురదలో ఒక్కసారి కూడా ఆగలేదు. అందుకే మేము బ్రాండెడ్ బళ్ళే రమ్మంటాం. టాల్వెరా!" జనం చప్పట్లు కొట్టారు. ఆయన పేరు ఎవరూ అనలేదు.

బుడాన్ బండి దిగాడు. స్టిక్కరు అంచున గోరు పెట్టి, ఒక్క గుంజు గుంజాడు. చర్రున వచ్చేసింది. మైకు అందుకున్నాడు. ఆయన ఎప్పుడూ మైకు పట్టినవాడు కాదు.

"అయ్యా, టాల్వెరా అంటే ఇటలీ కాదు, తామర పురుగు మందు. మా ఇంటిది నాలుగుసార్లు కొట్టింది, పురుగు చావలా. ఈ బండి నేను చేశాను, నా షెడ్డులో. ఫిబ్రవరిలో ఇదే బండి తెస్తే లోకల్ అని మీరు చెయ్యన్నా పెట్టలేదు. ఇవాళ పురుగు మందు పేరు చూసి నిమిరారు. బండి అదే బాబూ. మీ కళ్ళకి పేరు తప్ప ఇనుము కనపడదా?"

జయదేవ్ మొహం నల్లబడింది. కాసేపు కాగితాలు తిరగేసి, గొంతు తగ్గించి అన్నాడు. "మీరు తప్పు డిక్లరేషన్ ఇచ్చారండి. రూల్స్ ప్రకారం క్యాన్సిల్ చెయ్యాలి."

తప్పు రాసుకున్నది ఎవరు? ఇటలీ అన్నది ఎవరు? ఆ మాట అనేవాళ్ళు అక్కడ లేకపోయారు. బుడాన్ కూడా అనలేదు. తనూ ఆ స్టిక్కరుతో వచ్చినవాడేనని ఆయనకి తెలుసు. పతకం తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద స్టిక్కరు పెట్టాడు.

"కంపెనీని మీరు ఉంచుకోండి. బండిని నేను తీసుకుపోతా."

ఈసారి నడిపించుకుంటూ పోలేదు, ఎక్కి తొక్కుకుంటూ పోయాడు.

సాయంత్రం జానీబీ అంతా విని, చీపురు పక్కన పడేసి, "బండి తియ్యి, పద," అంది. ఎక్కడికో చెప్పలేదు. బజారులో ప్రకాష్ స్టీలు సామాన్ల కొట్టు ముందు ఆగింది. మన ఇళ్ళలో గ్లాసు కొన్నా, చెంబు కొన్నా పేరు కొట్టించకుండా ఇంటికి తెచ్చుకోం కదా. ప్రకాష్ చేతిలో ఆ మిషను జుయ్యిమంటూ ఉంటుంది.

"దీని మీద పేరు కొట్టు."

ప్రకాష్ బండిని ఎగాదిగా చూశాడు. "సైకిలు మీదా? ఇచ్చేవాళ్ళ పేరు కొట్టాలా, తీసుకునేవాళ్ళదా?"

"చేసినోడిది," అంది జానీబీ.

మిషను ఎర్ర రంగులోకి దిగింది. స్టిక్కరు పోయిన చోట తెల్లటి ఇనుము అక్షరాలై పైకి తేలింది. షేక్ బుడాన్, దర్శి. ప్రకాష్ ఊదుకుని, వేలితో తుడిచి, ఇంకేమైనా ఉందా అన్నాడు.

"కింద లోకల్ అని కొట్టు," అన్నాడు బుడాన్.

"ఆ మాట ఎవడన్నా కొట్టించుకుంటాడా అన్నా?"

"కొట్టు. పై అక్షరాల కంటే పెద్దగా కొట్టు."