ఒంటి తుమ్ము, ఐదు జాకెట్లు

మూడు రోజుల విహారం ముగించుకుని ఉప్పల్‌లో బస్సు దిగేసరికి ఆదివారం మధ్యాహ్నం రెండు దాటింది. పన్నెండుకల్లా ఇంట్లో ఉండాల్సినవాళ్లం. ఘట్‌కేసర్ దగ్గర బస్సు టైరు పంక్చరైంది, స్టెప్నీలో కూడా గాలి లేదని తేలింది, రోడ్డు పక్కన రెండు గంటలు నిలబడ్డాం. ఆ రెండు గంటల్లోనే మా పాప నా ఒళ్లో వాంతి చేసుకుంది. ములుగు దగ్గర మా అత్తమ్మ గీచి గీచి బేరమాడి కొన్న సీతాఫలాల గంప ఎండకు మాగి, రసం కారి, కింద ఉన్న బట్టల సంచిని తడిపేసింది. మా ఆయన మాత్రం ఇవేవీ పట్టనట్టు ఫోనులో క్రికెట్ స్కోరు చూస్తూ నిలబడ్డాడు, చార్జింగు చచ్చేదాకా. నా ఫోను ఆ బట్టల సంచి అడుగున ఎక్కడో ఉంది.

సెలవులకు వెళ్లొస్తే మనసు తేలికపడుతుందని ఎవరు చెప్పారో గానీ, వాళ్లు కుటుంబంతో వెళ్లి ఉండరు.

నా తొందర వేరు. నాచారంలో మా ఇంట్లో, నా కుట్టుమిషన్ కింద, గుడ్డసంచిలో ఐదు పెళ్లి జాకెట్లున్నాయి. ఏడేళ్లుగా ఇంట్లోనే కుడుతున్నాను. చీరలకు ఫాల్స్, పికో, రోజువారీ జాకెట్లు, బడిపిల్లల లంగాలకు పొడవు పెంచడం, ఇదే నా పని. పెళ్లి జాకెట్లంటే మా వీధి ఆడవాళ్లు కూడా నన్ను దాటి పెద్ద బొటీకులకే వెళ్లేవారు. మొదటిసారి మల్కాజిగిరి నుంచి ఒకావిడ నన్ను నమ్మి తన కూతురి జాకెట్లు ఇచ్చింది. అన్నీ చీరల్లోంచి కోసిన పట్టుముక్కలు, వాటి మీద మగ్గం పని. ఒకటి పాడైతే ఆ రంగు, ఆ అంచు మళ్లీ ఎక్కడా దొరకదు. కుట్టడం అయిపోయింది, హుక్కులూ చేతికుట్టూ మిగిలాయి. సోమవారం పొద్దున తొమ్మిదింటికి వచ్చి తీసుకుంటానంది. బుధవారం పెళ్లి.

ఇది పెట్టుకుని నేను లక్నవరం రానని మొత్తుకున్నాను. మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీలో ఆ రోజులకే సెలవు దొరికిందన్నాడు, చెరువు పక్కన గది రెండు నెలల కిందే తీసుకున్నానన్నాడు. ఆదివారం మధ్యాహ్నం నుంచి కూర్చుంటే చీకటి పడేలోపు అయిపోతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తీరా చూస్తే మధ్యాహ్నం ఉప్పల్ దుమ్ములో నిలబడి, సీతాఫలాల గంపను చూసి ముఖం తిప్పుకుంటున్న ఆటోవాళ్లను బతిమాలుతున్నాను.

మూడు రోజులూ నా కోపమంతా ఒక తుమ్ము మీద ఉంది. అదీ చెప్పాలి.

శుక్రవారం పొద్దున ఇంటికి తాళం వేసి, గేటు ముందు ఆటో ఎక్కబోతుంటే మా పాప తుమ్మింది. ఒక్కటే తుమ్ము. రెండోది వస్తుందేమోనని అత్తమ్మ దాని ముఖంలోకి చూస్తూ నిలబడింది. రాలేదు.

"ఆగుర్రి. ఒంటి తుమ్ము. లోపల్కి నడువుర్రి, జరసేపు కూసోని నీళ్లు తాగి పోదాం."

"పోరికి జలుబు చేసింది అత్తమ్మా. తుమ్మకుంటె ఏం జేస్తది? అవతల బస్సు పోతది!"

"పోతే పోనియ్. బస్సులు మస్తుగొస్తయ్."

మా ఆయన మారు మాట్లాడకుండా తాళం తీశాడు. తల్లి మాటకు ఎదురు చెప్పడం కన్నా బస్సు తప్పిపోవడమే ఆయనకు సులువు. ముందు గదిలో అందరూ పెళ్లిచూపులకొచ్చినట్టు బుద్ధిగా కూర్చున్నారు. తాగే నీళ్లన్నీ సీసాల్లో పట్టి సర్దేశాను కదా, వంటింట్లో చుక్క లేదు. మూలన నల్లా నుంచి నీలం డ్రమ్ములోకి పైపు వేసి ఉంటుంది. పైపు కొస డ్రమ్ములోంచి పైకి తీసి నల్లా తిప్పాను. పైపులైను పనులని అప్పటికే మూడు రోజులుగా మా వీధికి నీళ్లు లేవు, బుస్సుమని గాలి వచ్చింది. ఒళ్లు మండింది. పైపును డ్రమ్ములో పడేసి, వాకిట్లోకి పోయి, ఆటోలో ఉన్న సంచి విప్పి, సీసా తెచ్చి తలా గుక్కెడు పోశాను. మళ్లీ తాళం, మళ్లీ గేటు. బస్సు వెళ్లిపోయింది. తరువాతి బస్సులో నలుగురం నాలుగు మూలల కూర్చుని పోయాం.

ఆ తుమ్మును నేను లక్నవరంలో వదల్లేదు, రామప్పలో వదల్లేదు. ఘట్‌కేసర్‌లో టైరు పోయినప్పుడు కూడా అడిగాను, "తుమ్ముకు నీళ్లు తాగినం గద అత్తమ్మా, మరి టైరెందుకు పోయింది?" అని.

"తాగినం గాబట్టే టైరుతోటి పోయింది," అన్నది ఆమె, సీతాఫలం గింజ ఊస్తూ. ఆ మాటకు నాకు ఇంకా కోపం వచ్చింది.

చివరికి ఒక ఆటో అతను గంపను కాళ్ల దగ్గర పెట్టుకోవాలనే షరతు మీద ఎక్కించుకున్నాడు. నాచారంలో మా గల్లీ మలుపు తిరగ్గానే మా ఇంటి ఓనర్ ఆంటీ గేటు దగ్గర నిలబడి కనిపించింది. ఆవిడది గోదావరి వైపు. పైన వాళ్లు, కింద మేము.

"ఇప్పుడా రావడం? ఇద్దరిలో ఒక్కరూ ఫోను ఎత్తరేమిటి? పొద్దున్న నీళ్లొదిలారమ్మా. నేను గుడి నుంచి వచ్చేసరికి మీ గడప మీద నుంచి ధార! పరుగెత్తుకెళ్లి బయట వాల్వు కట్టేశాను. లోపల ఎంత నిండిందో ఏమో!"

మా ఆయన తాళం తీశాడు. తలుపు తోస్తే నీళ్లు అడ్డం పడ్డాయి. ముందు గదిలో పాదం మునిగేంత నీళ్లు. మా ఇంటికి వంటింటి వైపు ఎత్తు, ముందు గది పల్లం, కట్టిన మేస్త్రీ పుణ్యం. డ్రమ్ము నిండి పొర్లిన నీళ్లన్నీ నా కుట్టుమిషన్ దగ్గరికి వచ్చి ఆగాయి. పాప చెప్పు ఒకటి, కత్తిరింపు ముక్కలు, దారపు రీళ్లు తేలుతున్నాయి.

మిషన్ చుట్టూ నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఐదింటిలో ముహూర్తం జాకెట్టు ఎరుపు. నీళ్లలోనే మోకాళ్ల మీద కూలబడి మిషన్ కింద చేతులు పెట్టి తడిమాను. తడిసి ముద్దైన లైనింగు గుడ్డ వచ్చింది. రంగు వదులుతున్న ఎర్ర ఫాల్స్ కట్ట వచ్చింది. సంచి లేదు. ఎటైనా కొట్టుకుపోయిందేమోనని మంచం కింద చూశాను, బీరువా వెనక చూశాను. ఆ తల్లికి రేపు ఏం చెప్పాలి? ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? ఏడేళ్లకు ఒక్కరు నమ్మితే వాళ్ల పిల్ల పెళ్లి బట్టలు ముంచేశాను. నేను గట్టిగానే అరిచాను. ముందు మా ఆయన మీద, తరువాత లక్నవరం మీద, చివరికి తుమ్ము మీద. "ఆ తుమ్ముకు లోపల్కి రాకపోతె ఇదంత అయ్యేదేనా?" అన్నాను. నాకు తెలియకుండానే నిజం చెప్పాను.

అత్తమ్మ గుమ్మంలో నిలబడి, చీర కుచ్చిళ్లు మోకాళ్లదాకా ఎగదోపుకుంటోంది. తీరిగ్గా.

"సజ్జ మీద సూడు," అన్నది.

"ఏంది?"

"నీ జాకిట్లు. మొన్న కూసున్నప్పుడు మిషన్ కింద కనవడ్డయ్. పెండ్లిపిల్ల తొడుక్కునే బట్టలు ఎవలన్న కాళ్ల కింద వెడ్తరా? సజ్జ మీదికెక్కిచ్చిన."

మెట్లు రెండెక్కితే మోకాళ్లు పట్టుకుని కూర్చునే మనిషి. నేను ఆటో దగ్గర సంచి విప్పి విసుక్కుంటున్న ఆ కాసేపట్లో, స్టూలు జరుపుకుని, దాని మీదికెక్కి, సంచిని గోడకు పైనున్న సజ్జ మీద పెట్టి దిగింది. పక్కనే కూర్చున్న మా ఆయన ఫోనులోంచి తలే ఎత్తి ఉండడు. 

"మరి జెప్పొద్దా నాకు?"

"గప్పుడు నువ్వు ఎవ్వల మాటన్న ఇంటున్నవా?"

మా ఆయన స్టూలెక్కి సంచి దించాడు. తడి చేతులు కొంగుకు పదిసార్లు తుడుచుకుని విప్పాను. ఐదూ ఉన్నాయి. పొడిగా ఉన్నాయి. ఎర్రది చెంపకు ఆనించి చూశాను, లైనింగు గంజి వాసన వచ్చింది గానీ తేమ లేదు. బతికానని అనుకున్నాను. నా జీవితంలో ఆ మాట అంత నిజంగా ఎప్పుడూ అనుకోలేదు.

ఈలోగా ఆంటీ లోపలికి తొంగిచూసింది. "సామాన్ల సంగతి సరే. అసలు ఆ నల్లా తిప్పి వదిలేసింది ఎవరమ్మా? గోడలన్నీ చెమ్మెక్కిపోయాయి. ఎవరికైనా బుద్ధుండాలి కదా!"

మా ఆయన పాప వైపు చూశాడు. పాప "నేను గాదు!" అంటూ ఏడుపు మొదలుపెట్టింది. అప్పుడు నాకు ఆ బుస్సుమన్న గాలి గుర్తొచ్చింది. నల్లా తిప్పాను. కట్టలేదు. కట్టినట్టు గుర్తు తెచ్చుకోవాలని ఎంత ప్రయత్నించినా, పైపును డ్రమ్ములో విసిరేయడమే గుర్తొస్తోంది. మూడు రోజులు నేను ఎవరి మీద విరుచుకుపడ్డానో ఆ మనిషి నా ఎదురుగానే ఉంది.

"నేనేనమ్మా," అన్నది అత్తమ్మ ఆంటీతో. "నీళ్లు తాగుదామని పోయి ఇప్పిన. ముసల్దాన్ని, యాది మరిచిన."

ఆంటీ గొంతు ఒక్కసారిగా తగ్గింది. పెద్దావిడను ఏమంటుంది? కానీ మా ఆయన తగ్గలేదు. "నీకెందుకమ్మా గివన్ని! తుమ్మంటవు, నీళ్లంటవు, ఇల్లంత ముంచితివి!" అని తల్లి మీద లేచాడు. అవి అచ్చం నా మాటలే. మూడు రోజులుగా నేను నూరిపోసినవి ఆయన నోట్లోంచి వస్తుంటే వినలేకపోయాను. అత్తమ్మ తల వంచుకుని నీళ్లు తోసే కర్ర కోసం వెతుకుతోంది.

"ఆమె గాదు," అన్నాను. "నల్లా ఇప్పింది నేను. కట్టలే."

ఆంటీ "సరేలెండి, ముందు నీళ్లు తోడండి," అని పైకి వెళ్లిపోయింది. అత్తమ్మే నా మీద మండిపడింది.

"నీ నోట్ల నువ్వుగింజ నానదు! నేను పడ్తున్న గద! నాకు తెల్వదా నువ్వే ఇప్పినవని? నిన్ను నలుగురు నాలుగు మాటలంటె ముఖం ముడుసుకోని కూసుంటవు. రేపు పొద్దుగాల్ల ఆ పెండ్లోళ్లొస్తె జాకిట్లు ఎవలిస్తరు, నేనిస్తనా? మంచమెక్కి కూసో. హుక్కులు కుట్టు, పో!"

నన్ను కాపాడడానికి చేసిందనుకున్నాను. కాదు, నా పనిని కాపాడడానికి చేసింది. ఏడేళ్లలో నా కుట్టుపనిని ఆ ఇంట్లో ఎవరైనా పని అనుకున్నారని నాకు అప్పటిదాకా తెలియదు. మా ఆయన దాన్ని టైంపాస్ అంటాడు. నేను కూడా నలుగురిలో అలాగే అంటాను.

కాళ్లు కడుక్కుని, పొడి చీర కట్టుకుని మంచం మీద కూర్చున్నాను. ఒళ్లో శుభ్రమైన దుప్పటి పరిచి ఎర్రజాకెట్టు తీశాను. కింద మా ఆయన బకెట్లతో నీళ్లు తోడుతున్నాడు, అత్తమ్మ నడుం వంచి కర్రతో వాకిట్లోకి తోస్తోంది. జారి పడుతుందేమోనని భయం వేసి, "జర కూసోరాదు అత్తమ్మా, పడ్తవు!" అని కసిరాను. చెప్పాలనుకున్నది అది కాదు. నాకు వచ్చింది అంతే. ఆమె వినిపించుకోలేదు.

మొదటి హుక్కు కుట్టాను. రెండోదానికి సూది కనబడలేదు. కళ్లు నిండిపోయి హుక్కూ గుడ్డా కలిసిపోయాయి.

అత్తమ్మ కర్ర ఆపి నా వైపు చూసింది.

"ఏడిస్తె ఆ పట్టు పక్కకు వెట్టి ఏడువు," అన్నది. "మరక వడ్తది."

జాకెట్టు మడిచి దిండు మీద పెట్టి, ఏడ్చాను.