యూసుఫ్ సేట్ తెరిచి ఉంచిన షట్టర్

ఈ రోజు పొద్దున సిరిసిల్లలో నా దుకాణం షట్టర్ లేపుతుంటే సగంలో పట్టేసింది. రెండు చేతులతో గుంజితే కర్రుమని అరిచి ఒక్క ఊపున పైకి పోయింది. లోపలి నుంచి కొత్త పరదాల వాసన, ఆ ప్లాస్టిక్ ఘాటు, మొహానికి కొట్టింది. వడ్ల కుప్పల మీద కప్పే పరదాలు, తాళ్లు, బస్తాలు కుట్టే సుతిలి, ఇవే నా సరుకు. ఎన్నేళ్లుగా అమ్ముతున్నా ఆ వాసన తగిలితే చాలు, నా మనసు కోరుట్లకు, యూసుఫ్ సేట్ దగ్గరికి పోతుంది. ఈ రోజు మరీ పోయింది. ఎందుకంటే నిన్న సాయంత్రం మా వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. వడ్లు అమ్ముడుపోక తిప్పలు పడుతున్న రైతులకు మద్దతుగా రేపు బజారు బంద్, సభ్యులందరూ సహకరించాలి అని. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు బారెడు. నేను మాత్రం పొద్దున్నే వచ్చి షట్టర్ ఎత్తాను.

మీరు యూసుఫ్ సేట్‌ను చూడలేదు కాబట్టి ముందు ఆయన్ని చూపిస్తాను. కోరుట్ల బజారులో మోటారు బెల్టులు, పైపులు, తాళ్లు, పరదాలు అమ్మే దుకాణం ఆయనది. పొట్టి మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం, చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు వడ్లగింజలు. వచ్చిన ప్రతి రైతు దగ్గరా గింజ అడిగి తీసుకుని పంటికింద కొరికి, ఇంకా రెండెండలు కావాలనో, ఆరినయి ఇక తోలొచ్చనో చెప్పేవారు. ఇంట్లో ఉర్దూ, బజారులో మా తెలుగు, కోపం వస్తే రెండూ కలిపి. చాలా ఏళ్లు ఆయనే వర్తక సంఘం అధ్యక్షుడు. సంఘం ఆఫీసంటే ఏదో అనుకునేరు, ఆయన దుకాణం మీది గది. అందులో ఒక కంప్యూటరు, గాలి కన్నా చప్పుడు ఎక్కువ చేసే ఒక ఫ్యాను. డిగ్రీ చేసి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లనైన నన్ను అక్కడ వినతిపత్రాలు టైపు చేసే పనికి పెట్టుకున్నారు.

మొదటి వినతిపత్రం కాలువ నీళ్ల గురించి. చివరి పొలాలకు నీళ్లు అందడం లేదని అధికారులకు రాయాలి. నేను పాత ఫైలు తీసి, తమరు దయతో, తమ అమూల్యమైన అంటూ రెండు పేజీలు దంచి ఇచ్చాను. సేట్ చదివి, కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

“ఏందిది బిడ్డా? గీ కాయితానికి దుమ్ము వాసన సుత లేదు. కాలువ కాడికి పోయినవా?”

“లేదు సేట్.”

“మరి ఎట్ల రాసినవ్?”

“పోయినేడు రాసింది చూసి.”

“పోయినేటి నీళ్లు పోయినేడే పోయినయ్. లే, చెప్పులేస్కో.”

ఇద్దరం ఆటో ఎక్కి పోయాం. మండే ఎండలో చిట్టచివరి మడి దాకా నడిపించారు నన్ను. లోలోపల తిట్టుకుంటూనే నడిచాను. కాలువ అడుగున పల్లేరుకాయలు మొలిచి ఉన్నాయి, నాలుగు నా చెప్పులకూ గుచ్చుకున్నాయి. తిరిగొచ్చాక ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. “చూసింది నాలుగు ముక్కలల్ల రాయొచ్చు బిడ్డా. చూడంది రాస్తేనే రెండు పేజీలైతది.” నాలుగు వాక్యాలే రాశాను. దుకాణదారుకు పొలం గొడవ ఎందుకని ఒకసారి అడిగితే పడీపడీ నవ్వారు. “పుణ్యం కోసమనుకున్నవా? నాది మతలబే. రైతు మంచిగుంటే బజారు మంచిగుంటది, గంతే.”

ఇంతగా చూడమని చెప్పిన మనిషి కూడా ఒకసారి చూడకుండా పని చేశారు. అందులో నాకూ సగం పాలుంది.

అది యాసంగి కోతల కాలం. కోరుట్లకు దగ్గరలోనే మా ఊరు. మా బాపు గంగరాం కౌలుకు పట్టిన పొలంలో వడ్లు కోయించి, ఊరి బయట కొనుగోలు కేంద్రంలో కుప్ప పోశాడు. లారీలు రావు. అడిగితే రేపంటారు, ఆ రేపు ఎప్పటికీ రాదు. పగలంతా కుప్పను నెర్పి ఆరబెట్టడం, సాయంత్రం మళ్లీ కుప్ప చేయడం, పైన మబ్బు కదిలితే పరదా కోసం పరుగు. ఒకరోజు అన్నం తింటూ బాపు చెప్పాడు. “ఈసారి గీ వడ్లు ఆగమైతే కౌలు ఇడిసిపెడ్త బిడ్డా. మస్కట్ పోత. ఏజెంటు కిష్టయ్య తాన వీసా ఉన్నదట.” అవ్వ, అంటే మా అమ్మ, లేచి లోపలికి పోయింది. గల్ఫ్‌కు పోయినవాళ్లు మా ఊళ్లో ఇంటికొకరు ఉన్నారు. కానీ యాభై దాటి, మోకాళ్ల నొప్పులతో పోయినవాళ్లు ఎవరూ లేరు.

మర్నాడు పరుగున పోయి సేట్‌కు చెప్పాను. ఆయన అప్పటికప్పుడు సంఘాన్ని పిలిచారు. వ్యాపారులకు కోపమొచ్చినా, బాధ కలిగినా, ఎవరి మీదైనా ప్రేమ పొంగినా తెలిసింది ఒకటే, షట్టర్ దించడం. పది నిమిషాల్లో ఆ రోజే బంద్ అని తీర్మానమైంది. నోటీసు నేనే టైపు చేశాను. బంద్ అన్న మాటను లావు అక్షరాల్లో పెట్టి కింద గీత కూడా కొట్టాను, ఏదో ఘనకార్యం చేస్తున్నట్టు.

ఏం బంద్ అనుకున్నారు! టీ కొట్టుతో సహా మూసేశారు. బ్యానర్ పట్టుకుని చౌరస్తా దాకా ఊరేగింపు తీస్తే ముందు వరసలో నేనే. మధ్యాహ్నం పడమటి నుంచి మబ్బు కమ్ముకొస్తుంటే మేం ఇంకా గట్టిగా అరిచాం. గంట సేపు దంచికొట్టింది వాన. మూసిన మా దుకాణాల రేకుల కిందే నిలబడి, ఇప్పుడైనా అధికారులకు తెలిసొస్తుందని మాట్లాడుకున్నాం.

పొద్దుగూకే వేళకు ఊరికి పోతూ కేంద్రం దగ్గర దిగాను. బాపు కుప్ప పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. సగం కుప్ప మీద చిరిగిన పాత పరదా, మిగతా సగం మీద అవ్వ చీరలు, ఎరువుల సంచులు. కుప్ప కింద నుంచి నీళ్లు పారుతూ గింజల్ని రోడ్డు దాకా తీసుకుపోతున్నాయి.

“కొత్త పరదా తెచ్చుకోవద్దా బాపు? మబ్బు కనవడలేదా?” అని నేనే అరిచాను.

“అచ్చిన బిడ్డా. ఆటో ఎక్కి కోరుట్లకు అచ్చిన. బజారంత తిరిగిన. సేట్ దుకాణం ముంగట జెరసేపు కూసున్న సుత, ఎవలన్న తీస్తరేమోనని.” గడ్డం మీది నీళ్లు తుడుచుకుని మళ్లీ అన్నాడు. “మా కోసమే బంద్ వెట్టిండ్రట గద. మంచిగ జేసిండ్రు.”

వెక్కిరింపు కాదది. నిజంగానే అన్నాడు. తిట్టినా బాగుండేది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తడి వడ్లను అటూ ఇటూ తోస్తూ కూర్చున్నాను.

మర్నాడు సేట్‌కు జరిగింది చెప్పాను. ఆయన జేబులోని గింజలు తీసి బల్ల మీద పెట్టారు.

“నా దుకాణం ముంగట కూసున్నడా?”

“అవును సేట్.”

“ఎంతసేపు?”

నాకు తెలియదు. అడగలేదు. ఆయన రెండు కొత్త పరదాలు, దుకాణంలోని తన స్టూలు ఆటోలో వేయించి, నన్ను ఎక్కమన్నారు. కేంద్రంలో బాపు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు. “గంగరాం అన్నా, మాఫ్ జెయ్యి. షట్టర్ గుంజుడు తప్ప మాకు ఇంకోటి తెల్వది.”

బాపు సిగ్గుతో మెలికలు తిరిగిపోయాడు. “అయ్యో, నువ్వేం జేసినవ్ సేట్? వాన గద.”

“వాన దేవునిది. బంద్ నాది.”

మధ్యాహ్నం సంఘంలో ఆయన చెప్పింది చిన్న మాట. దుకాణాలన్నీ తెరిచే ఉంటాయి, లారీలు వచ్చేదాకా రోజూ నలుగురు యజమానులు పోయి కుప్పల దగ్గర కూర్చోవాలి. బట్టల దుకాణం ఆయన మొహం ముడుచుకున్నాడు. “ఉత్తగ కూసుంటే ఏమైతది సేట్?”

“తెల్వది. బంద్ వెడితే ఏమైందో తెలిసింది గద.”

అట్లా మొదలైంది. తెల్ల బట్టల సేట్లు ఎండలో తువ్వాలలు తలకు చుట్టుకుని కూర్చున్నారు. ఊరికే కూర్చోలేక కాళ్లతో వడ్లు తిప్పడం నేర్చుకున్నారు. వాళ్ల నడక చూసి ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. రెండోరోజు టీ తాగడానికి ఆగిన ఒక లారీ డ్రైవరు అసలు సంగతి చెప్పాడు. కేంద్రం వడ్లు చేరే రైస్ మిల్లులో జాగా లేకే లారీలు రావడం లేదని మేమంతా అనుకుంటున్నాం. జాగా ఉంది, దించే హమాలీలే లేరు. సగం మంది సొంతూళ్లకు పోయారు, లారీలు మిల్లు గేటు బయటే రోజుల తరబడి నిలబడి ఉన్నాయి. ఆ మిల్లు యజమాని మా సంఘం సభ్యుడే, నామోషీ అనుకుని ఎవరికీ చెప్పలేదు. సేట్ అక్కడి నుంచే ఫోన్ చేశారు. “బజారుల గింతమంది హమాలీలున్నరు, ఒక్క మాట అడగకపోతివేందయ్యా!”

మర్నాడు బజారు హమాలీలంతా మిల్లుకు పోయారు. దుకాణాలకు వచ్చిన సరుకు యజమానులే దించుకున్నారు. బట్టల మూటలు ఎత్తి నడుము పట్టేసిందని ఆ బట్టల దుకాణం ఆయన ఏడాది పాటు కనిపించినవాడికల్లా చెప్పుకున్నాడు. లారీలు కదిలాయి. బాపు కుప్పలో అడుగువి మొలకెత్తి బర్రెల పాలయ్యాయి గాని, తిప్పి తిప్పి ఆరబెట్టిన మిగతావి ఎత్తారు. బాపు మళ్లీ మస్కట్ మాట ఎత్తలేదు. అదే పొలం మళ్లీ కౌలుకు పట్టాడు. అవ్వ ఆ వారం చికెన్ వండి సేట్‌కు డబ్బా పంపింది. కారం తక్కువైందని ఆయన వంక కూడా పెట్టారు.

ఆ తరువాత ఎవరు బంద్ పిలిచినా సేట్ ఒక షట్టర్ సగం తెరిచే ఉంచేవారు. సంఘంలో గొడవలయ్యేవి. ఆయన స్టూలు జరుపుకుని కూర్చునేవారు, అంతే. నాకు పెళ్లయి మరమగ్గాల ఇంటికి కోడలిగా సిరిసిల్లకు వచ్చాను. మగ్గాల చప్పుడు మధ్య ఈ దుకాణం పెడతానంటే మావాళ్లు నవ్వారు. మొదటి సరుకు ఎక్కడ, ఎట్లాంటిది తేవాలో సేట్ ఫోన్లో చెప్పారు. “పరదా కొనే ముంగట ఎండకు పట్టి చూడు బిడ్డా, చిల్లులు గప్పుడే కనవడ్తయ్.”

ఆయన పోయింది కూడా యాసంగి కోతల్లోనే. కబురు తెలిసి జగిత్యాలలో బస్సు మారి కోరుట్ల చేరాను. కాళ్లు ఇంటికి పోకుండా అలవాటుగా బజారుకే తీసుకుపోయాయి. ఆ రోజు బజారంతా మూసి ఉంటుందనుకున్నాను. ఒక్క దుకాణమూ మూయలేదు. తన కోసం బంద్ పెట్టొద్దని ఆయన కొడుకుకు ముందే గట్టిగా చెప్పి ఉంచారట. ఆయన దుకాణానికీ ఒక షట్టర్ సగం పైకి లేచి ఉంది. లోపల ఆ స్టూలు మీద మా బాపు కూర్చుని ఉన్నాడు.

“నువ్విక్కడున్నవేంది బాపు?”

“ఇంటి మొగోళ్లందరు సేట్‌కు మట్టియ్య పోయిండ్రు బిడ్డా. మబ్బు వట్టింది. ఎవలన్న పరదాకు అస్తరు గద.” కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది. “ఇద్దరచ్చిండ్రు. ఇచ్చి పంపిన.”

నేను షట్టర్ పట్టుకుని, నడిబజారని కూడా చూడకుండా గట్టిగా ఏడ్చాను.

నలభై రోజులయ్యాక సేట్ కొడుకు ఆ స్టూలు నాకే ఇచ్చాడు. ఒక కాలు కొంచెం పొట్టి, కింద అట్టముక్క పెట్టాలి. ఇందాక దాని మీదే కూర్చుని ఉంటే పక్క దుకాణం తమ్ముడు తాళం వేసుకుని పోతూ ఆగాడు. “అక్కా, బంద్ గద ఇయ్యాల. గ్రూపుల చూడలేదా?”

“చూసిన తమ్మీ. రేపు ముస్తాబాద్ కేంద్రం కాడికి పోతున్న. నాతోటి అచ్చి కూసుంటవా?”

వాడు నవ్వి, తలగోక్కుని, అడుగుతానన్నాడు. ఎవర్ని అడుగుతాడో చెప్పలేదు. వాడు పోయాక బజారు నిశ్శబ్దమైపోయింది. మానేరు వైపు మబ్బు నల్లబడుతోంది. పదకొండు కావస్తుండగా ఆటో ఒకటి ఆగింది. కోనరావుపేట నుంచి వచ్చానన్న ఒక పెద్దాయన దిగి, వరసగా మూసిన షట్టర్లు చూసుకుంటూ, కాళ్లీడ్చుకుంటూ నా దుకాణం దాకా వచ్చాడు. లోపలికి రాకుండా గడప అవతలే నిలబడి తొంగి చూశాడు.

“అమ్మా, బంద్ అన్నరు. ఎవలన్న ఉన్నరా?”

నేను స్టూలు మీద నుంచి లేచాను.

“ఉన్నం కాకా. లోపలికి రా.”