పెట్టెలోని టీచరమ్మ

మొన్న అల్ ముంతజాలో మేడమ్ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళితే, బండిలో ఏసీ వేసుకుని నేనూ, వెనక సీట్లో ఆమె ఎనిమిదేళ్ళ కూతురూ మిగిలాం. ఇరవై నాలుగేళ్ళుగా ఈ దోహాలో ఒకే ఇంట్లో డ్రైవరుగా ఉన్నాను కనుక, ఒకప్పుడు ఆ తల్లిని బడికి దింపిందీ నేనే, ఇప్పుడు పాపను దింపుతున్నదీ నేనే. పాప చదివేది ఇంగ్లండు వాళ్ళ బడి. వాళ్ళ టీచరు, తన చిన్నతనంలో వాళ్ళ దేశపు బళ్ళలో టీవీ పెట్టి చూపించిన పాఠం ఒకటి ఎక్కడో వెతికి పట్టుకుని, ఇంటి దగ్గర చూసి రమ్మందట. పాప ఫోనులో అది పెట్టింది. మొదట తెర మీద ఒక గడియారం, దాని ముల్లు చుట్టూ తిరిగి పైకి చేరేదాకా ఇంకేమీ రాదు. తరువాత ఒక దొరసాని వచ్చి ఏదో బొమ్మ చూపించి, ప్రశ్న అడిగి, జవాబు కోసం కాసేపు ఆగింది. పాప నోరు మెదపలేదు. దొరసాని మాత్రం 'వెరీ గుడ్' అంది. నేను కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

మా కర్నూలు జిల్లా పల్లెల్లో పెరిగిన నా ఈడువాళ్ళకు ఎందుకో ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. మా బడికి కూడా టీవీ వచ్చింది. ఇంట్లో రేడియో ఉంటేనే దొరబాబు అనుకునే రోజుల్లో, సర్కారువాళ్ళు జీపులో తెచ్చి, బడి కప్పు మీద బండిచక్రం కంటే పెద్దదైన ఇనుప వల గొడుగులాంటి యాంటెన్నా ఒకటి వెల్లకిలా పెట్టి, లోపల తలుపులున్న చెక్కపెట్టెలో టీవీ అమర్చి, తాళంచెవి మా అయ్యవారికి ఇచ్చిపోయారు. ఆయన దాన్ని మొలతాడుకు కట్టుకుని తిరిగేవారు. పొద్దున పిల్లలకు పాఠం, సాయంత్రం పెద్దలకు పంటలూ పాటలూ. మొదటి సాయంత్రం పెట్టెలో ఒకాయన ఎరువుల గురించి చెబుతుంటే మా అవ్వ నెత్తిన కొంగు కప్పుకుని, "పరాయి మగోడు అట్ల ఎగాదిగా సూస్తాంటే యాడ కూసునేది" అని లేచిపోయింది. నెల తిరక్కుండానే వానలెప్పుడు పడతాయని ఆయన్నే అడిగేది. పొద్దుటి పాఠం చెప్పే టీచరమ్మ మాత్రం మా అందరికీ చుట్టమే. ఆమె చేతులు జోడిస్తే బడంతా లేచి నమస్కారం పెట్టేది. ఆమె అడిగి ఆగితే మేం గొంతులు చించుకుని జవాబు చెప్పేవాళ్ళం. ఆమె మాట మాకు వినబడుతున్నప్పుడు మా మాట ఆమెకు వినబడదా అనుకునేవాళ్ళం.

మా అక్క నాకంటే రెండేళ్ళు పెద్ద, బడి గడప తొక్కలేదు. అమ్మ కూలికి పోతే వంటా, చంటి తమ్ముడూ, బర్రెగొడ్డూ అన్నీ ఆమె నెత్తినే. పాఠం వేళకు మాత్రం తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చి బడి కిటికీ దగ్గర నిలబడేది. ఒకరోజు టీచరమ్మ అన్నం గిన్నె మీది మూత తీసి, లోపలివైపు చూపించి, ఈ నీటి చుక్కలు ఎక్కణ్ణించి వచ్చాయి పిల్లలూ అని అడిగింది. మగపిల్లలం, మేం ఎసరు ఎప్పుడు చూశాం గనుక? మూత కడిగి తుడవలేదని నేను అరిచాను. కిటికీ దగ్గర్నించి అక్క, "కింద నీళ్ళు కాగి ఆవిరైతాయి, మూతకు తగిలి మళ్ళా నీళ్ళైతాయి" అంది. టీచరమ్మ నవ్వి, "శభాష్, సరిగ్గా చెప్పావు" అంది.

ఆ సాయంత్రం అక్క నాయన కాళ్ళకు నీళ్ళిస్తూ, తననూ బడికి పంపమని అడిగింది. ఆడపిల్ల చదువు మాట ఎన్నడూ ఎత్తనివ్వని నాయన, టీచరమ్మ అంతమందిలో మెచ్చుకుందంటే కాదనలేక, శనక్కాయ పీకుడు అయిపోనీ, పంపుదాంలే అన్నాడు. మరి చంటివాణ్ణి ఎత్తుకునేదెవరు, బర్రెను తోలుకుపోయేదెవరు అని అమ్మ అడిగింది. నాయన నన్ను చూపించి, ఇద్దరూ పూట మార్చి పూట చూసుకుంటారన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మరునాడు టీచరమ్మ ఆవు బొమ్మ చూపి ఇదేమిటని అడిగి ఆగగానే, అందరికంటే ముందు లేచి, కిటికీ వైపు చూస్తూ "గాడిద" అని అరిచాను. "శభాష్, సరిగ్గా చెప్పావు" అంది టీచరమ్మ. బడంతా గొల్లుమంది. "సూస్తివా అక్కా, ఆయమ్మకు ఏమీ ఇనపడదు. ఎవురేం జెప్పినా శభాషే" అన్నాను. అక్క తమ్ముణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని వెళ్ళిపోయింది. శనక్కాయ పీకుడు అయింది. బడి మాట అక్క మళ్ళీ ఎత్తలేదు, నాయనకు గుర్తు చేసినవాళ్ళూ లేరు. ఏడాది తిరిగేసరికి సర్కారువాళ్ళు పెట్టెనూ గొడుగునూ విప్పుకుని పోతుంటే ఊరంతా జీపు వెంట నడిచింది గానీ, అక్క ఇంట్లోంచి బయటికి రాలేదు.

అక్క బతుకంతా వేలిముద్రే వేసింది. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో నా ఉత్తరాలు ఎవరిచేతనో చదివించుకుని, జవాబు ఎవరిచేతనో రాయించేది. పరాయివాళ్ళ ముందు చెప్పుకోలేని కష్టాలన్నీ ఆ జవాబుల్లో రాకుండా ఉండిపోయాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. సెలవుకు వెళ్ళిన ప్రతిసారీ ఆనాటి తప్పు ఒప్పుకుందామనుకోవడం, ఆమె వడ్డించిన అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చేయడం.

పోయిన నెల అక్కకు పక్షవాతం వచ్చి కర్నూలు ఆసుపత్రిలో చేర్చారు. మేడమ్ సెలవిచ్చింది, టికెట్టు మాత్రం రెండు రోజుల తరువాతకు దొరికింది. పాప బడి గేటు ముందు బండి ఆపుకుని ఉండగా, అక్క కూతురు వీడియో కాల్ చేసి, ఫోను అక్క మొహం దగ్గర పట్టింది. అక్క కళ్ళు మూసుకునే ఉంది. "మామా, అమ్మకు ఏమీ ఇనపడదంట, డాక్టరు జెప్పినాడు. ఊరికే సూసుకో" అంది. వెనక బళ్ళవాళ్ళు హారన్లు కొడుతున్నా పట్టించుకోకుండా, "అక్కా, ఆ పొద్దు నేను అబద్ధం జెప్పినా. టీచరమ్మకు నీ మాట ఇనపడింది. నిన్నే శభాష్ అనింది, నిన్నొక్కదాన్నే" అని అరిచాను. అక్క ఆ సాయంత్రమే పోయింది.

ఇప్పటి పిల్లల చేతుల్లోనే ఉంది ఆ పెట్టె. అవతలివాళ్ళకు వినబడదని వాళ్ళకు పుట్టుకతోనే తెలుసు కాబట్టి ఎవరూ లేచి నమస్కారం పెట్టరు, జవాబు చెప్పరు, చెప్పి నవ్వులపాలు కారు. అది మంచిదే అనుకుంటాను. పెట్టెలో మనిషికి ఏమీ వినబడదని మా అక్కకు నేర్పింది నేనే. ఆ నేనే ఆ రోజు, ఫోను పెట్టేస్తున్నానని మేనకోడలు చెప్పేదాకా, అక్క జవాబు కోసం ఆగి ఉన్నాను.